ముట్టుకుంటేనే తెలిసే పండు

ఈ వారం టమోటాల గురించి రాస్తున్నాను. నవ్వొద్దు.

పోయిన రెండు వారాలు హాస్టల్ మెస్సుల మీద, స్కాలర్‌షిప్ బకాయిల మీద రాశాను. "తర్వాత ఏంటన్నా, మిద్దె మీద మొక్కలా?" అని ఒక తమ్ముడు ఎగతాళిగా మెసేజ్ పెట్టాడు. అవును తమ్ముడూ, మిద్దె మీద మొక్కలే. మిద్దె ఎవరిది, మట్టి ఎవరిది, విత్తనం ఎవరిది అని అడగడం మొదలుపెట్టి చూడు. ఎక్కడికెళ్లినా కులం మనకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటుంది.

రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక విత్తనాల మార్పిడి మేళాకు వెళ్లాను. మిద్దెతోటలు పెంచేవాళ్లు చిన్నచిన్న కవర్లలో విత్తనాలు తెచ్చి ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. మంచి పనే. ఒక బల్ల దగ్గర ఆగాను. అక్కడున్న పెద్దాయన ప్రేమగానే అడిగాడు: "మీ తాతల నాటి విత్తనాలు ఏమైనా తెచ్చారా బాబూ?"

"మా తాతలు పండించారు సార్. విత్తనం మాత్రం మా ఇంట్లో ఉండేది కాదు" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. అద్దె ఇల్లు అడిగినప్పుడల్లా "మీరేమట్లు?" అనే ప్రశ్నకు అలవాటుపడిన ప్రాణం కదా, ఈ తాతల ప్రశ్న కూడా నాకు కొంచెం అలాగే తగిలింది. ఆయన తప్పేమీ లేదు. తాతలంటే భూమి ఉన్న తాతలేనని ఆయన అనుకున్నాడు, అంతే. ఖాళీ చేతులతో పంపడం ఇష్టంలేక ఒక చిన్న పొట్లం నా చేతిలో పెట్టాడు. దాని మీద "గ్రీన్ జీబ్రా, హెయిర్‌లూమ్ టమోటా" అని రాసుంది. లోపల పదిహేను గింజలు.

హెయిర్‌లూమ్ అంటే వారసత్వంగా వచ్చిన వస్తువు. అమ్మమ్మ నగ, తాత గడియారం లాంటివి. విత్తనాల విషయంలో, తరతరాలుగా దాచుకుంటూ వచ్చిన పాతరకం అని. మా నాయన నాకు వారసత్వంగా ఇచ్చింది ఒక గొడ్డలి, ఒక అప్పు కాగితం. ఇప్పుడు ఎవరో నాకు వారసత్వాన్ని పొట్లం కట్టి ఇస్తున్నారు. నవ్వొచ్చింది. జేబులో పెట్టుకున్నాను.

మొదటిసారి ఫిబ్రవరిలో నాటాను. మొక్కలు బ్రహ్మాండంగా పెరిగాయి. ఏప్రిల్‌కి పూత వచ్చింది. వచ్చిన పూత వచ్చినట్టే రాలిపోయింది. ఒక్క కాయ నిలవలేదు. యూట్యూబ్ చూశాను, వేపనూనె కొట్టాను, గుడ్డుపెంకుల పొడి వేశాను. ఏం లాభం లేదు. చివరికి ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను.

అమ్మ పగలబడి నవ్వింది. "ఎండాకాలంలో హైదరాబాదులో టమోటా ఏస్తారా నాయనా? రాత్రిపూట చల్లబడితే గదా పూత నిలిచేది. మన మదనపల్లి పక్క రాత్రిళ్లు చల్లగా ఉంటాది కాబట్టి ఎండాకాలంలో కూడా కాస్తాది. ఆడ ఉక్కకి ఏం నిలుస్తాది?"

తర్వాత పుస్తకాల్లో చదివాను. పగటి ఎండ ఎంత ముఖ్యమో రాత్రి వేడి అంత ముఖ్యం. రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి సరిగా పనిచేయదు, పువ్వు కాయ కట్టకుండానే రాలుతుంది. మదనపల్లె కాస్త ఎత్తు మీదున్న ఊరు. అందుకే మైదానాల్లో టమోటా ఆగిపోయే నెలల్లో అక్కడ పండుతుంది. ఆ మార్కెట్‌కి దేశమంతా పేరు రావడానికి అదీ ఒక కారణం. నేను పుస్తకం తెరిచి తెలుసుకున్నది మా అమ్మకు ముప్పై ఏళ్ల నుంచి తెలుసు. కానీ ఏ విత్తనాల మేళాలోనూ మా అమ్మను వేదిక మీదికి పిలవరు.

మా అమ్మ టమోటా కూలీ. నారు నాటడం, కట్టెలు పాతడం, పురికొసతో మొక్కను కట్టెకు కట్టడం, కలుపు తీయడం, కాయ కోయడం, బాక్సులకు నింపడం. ఇన్నేళ్లలో ఎన్ని లక్షల కాయలు ఆమె చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు. ఒక్క చెట్టు ఆమెది కాదు.

టమోటా మొక్కకు సన్నటి నూగు ఉంటుంది, దాన్నుంచి ఒక జిగురు అంటుకుంటుంది. పొద్దంతా తోటలో పనిచేస్తే చేతులు నల్లటి ఆకుపచ్చగా మారతాయి. సబ్బుతో రుద్దితే పచ్చనీళ్లు కారతాయి కానీ గోళ్ల సందుల్లో మాత్రం పోదు. చిన్నప్పుడు అమ్మ ముద్ద కలిపి పెడితే సంగటికి ఒక చేదు వాసన ఉండేది. అది సంగటి వాసనే అనుకునేవాణ్ణి. హాస్టల్‌కి వెళ్లాక గానీ తెలియలేదు, అది అమ్మ చేతి వాసన అని.

అమ్మ పనిచేసిన తోట ఆసామి ఇంట్లో ఆమెకు నీళ్లు పైనుంచి పోసేవాళ్లు. దోసిలి పట్టి తాగాలి. కూలీ డబ్బులు అరుగు మీద పెడితే తీసుకోవాలి. పండగ పూట ఇచ్చే బువ్వ కొంగులోకి జారవిడిచేవాళ్లు. అదే చేతులతో అమ్మ కోసిన టమోటా మాత్రం నేరుగా వాళ్ల వంటింట్లోకి పోయేది, చారులోకి పోయేది, దేవుడి నైవేద్యంలోకీ పోయేది. టమోటాకి అంటు లేదు, చెంబుకి ఉంది. కాయ కోసేటప్పుడు లేని మైల గ్లాసు పట్టుకుంటే ఎక్కడినుంచి వచ్చిందని చిన్నప్పుడు అడిగాను. "నోరు ముయ్యి" అంది అమ్మ. ఆమె దగ్గర జవాబు లేక కాదు. ఆ జవాబు చెబితే మర్నాడు పని ఉండదు.

2023 జూలై గుర్తుందా? టమోటా ధర కొండెక్కింది. కిలో వంద దాటింది, కొన్నిచోట్ల రెండొందలు పలికింది. టీవీల్లో రోజూ అదే. ఆ నెల అమ్మను అడిగాను, "కూలీ ఏమన్నా పెంచారా?" అని. "ధర పెరిగినప్పుడు కూలీ పెరగదు నాయనా. ధర పడిపోయినప్పుడు మాత్రం పనికి రావద్దంటారు. కాయ చెట్టుకే వదిలేస్తారు" అంది. నష్టంలో వాటా ఉంది, లాభంలో లేదు. 2011 జనాభా లెక్కలు చూస్తే వ్యవసాయంలో ఉన్న దళితుల్లో పదిమందికి దాదాపు ఏడుగురు కూలీలే. ఆ ఏడుగురిలో మా అమ్మ ఒకతి.

సరే, మిద్దె మీదికి వద్దాం. అమ్మ చెప్పినట్టు వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబర్‌లో మళ్లీ నారు పోశాను. మిగిలింది ఏడు గింజలు, మొలిచింది ఐదు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి గ్రో బ్యాగులు నింపాను. ఒకదానికి తెల్లదోమ పట్టి ఆకుముడత వచ్చింది, పీకేశాను. ఒకదానికి కాయల అడుగు నల్లబడింది. నీళ్లు ఒకరోజు ఎక్కువ, రెండు రోజులు మరిచిపోవడం వల్ల అలా అవుతుంది. వేళకు పోయడం మొదలుపెట్టాక తగ్గింది. ఈ మొక్కకు ఒకచోట ఆగడం తెలియదు, పెరుగుతూనే ఉంటుంది, కట్టె కట్టి తీరాలి. నాటిన దాదాపు ఎనభై రోజులకు కాయలు తయారయ్యాయి. కోడిగుడ్డుకంటే కొంచెం చిన్నవి. లేతపచ్చ మీద ముదురుపచ్చ చారలు, చిత్రకారుడు కుంచెతో గీసినట్టు.

అప్పుడే అమ్మ వైద్యం కోసం హైదరాబాద్ వచ్చింది. మెట్లెక్కడం కష్టమైనా మిద్దె మీదికి వచ్చింది. నేను నాలుగు కాయలు కోసి చూపించాను.

"పచ్చికాయలు కోసేస్తివే!" అంది.

"కాదమ్మా, ఇది పండినా పచ్చగానే ఉంటుందంట."

అమ్మ నమ్మలేదు. ముప్పై ఏళ్లు రంగు చూసి కోసిన మనిషి. దూరం మార్కెట్‌కి పోయే కాయ ఏ రంగులో కోయాలో, దగ్గర ఊరికి పోయేది ఏ రంగులో కోయాలో కంటితో చెప్పగలదు. ఈ కాయ ఆమె కంటికి లొంగలేదు. పండినప్పుడు చారల మధ్య పచ్చ కాస్త పసుపు తిరుగుతుంది, అంతే. ఎండలో అది కూడా సరిగా తెలియదు.

కొంచెంసేపు చూసింది. తర్వాత చెట్టు దగ్గరికి పోయి ఒక్కో కాయనూ బొటనవేలుతో మెల్లిగా ఒత్తడం మొదలుపెట్టింది. "ఇది కాలేదు. ఇది కాలేదు. ఇదిగో, ఇది అయ్యింది. మెత్తబడిండాది చూడు." నేను కోసిన నాలుగింటిలో రెండు నిజంగానే పచ్చివి.

"ఇది చూస్తే తెలిసేది కాదు నాయనా. ముట్టుకుంటేనే తెలుస్తాది."

ఆమె మామూలుగానే అంది. నేనే ఆ మాట దగ్గర ఆగిపోయాను. ముట్టుకోకూడదని చెప్పిన చేతులవి. ఆ చేతులు తప్ప ఇంకేవీ ఈ పండు సంగతి చెప్పలేవు.

ఆ సాయంత్రం పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి రోట్లో ఊరిమిండి నూరింది. మామూలు టమోటాకంటే పులుపు ఎక్కువ, వెనకాల చిన్న తీపి. "రుచి బాగుండాది, రంగే గోంగూర మాదిరి ఉండాది" అని నవ్వింది.

ఆ రాత్రి ఈ పండు చరిత్ర వెతికాను. తాతలనాటి విత్తనం అన్నారు కదా, ఏ తాతలో చూద్దామని. దొరికింది చూసి లేచి కూర్చున్నాను. ఈ గ్రీన్ జీబ్రా 1983లో బయటికి వచ్చింది. అమెరికాలో టామ్ వాగ్నర్ అనే ఆయన సొంతంగా టమోటాలు, బంగాళాదుంపలు సంకరం చేస్తూ ఉండేవాడు. ఎవర్‌గ్రీన్ అనే పాతరకం పండినా పచ్చగానే ఉండేది కానీ పగిలిపోయేది. పగలని పచ్చపండు కావాలని వేరే రకాలతో కలిపి, ఏళ్ల తరబడి ఏరి, ఈ చారల పండును తీశాడు. అంటే "వారసత్వ విత్తనం" అని బల్ల మీద పెట్టింది నా తరం విత్తనమే. పైగా సంకరం. కలిపితేనే పుట్టింది.

తర్వాత అది స్థిరపడింది. ఇప్పుడు దాని గింజ నాటితే అదే చారల పండు వస్తుంది. హైబ్రిడ్ గింజ దాచి నాటితే తల్లిలాంటి పిల్ల రాదు, మళ్లీ డబ్బు పెట్టి కొనాలి. దీనికి ఆ బాధ లేదు. అందుకే దీన్ని కూడా పాతరకాల వరసలో కూర్చోబెట్టారు. అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా విత్తనాల సభల్లో తరచూ వినపడే "స్వచ్ఛమైన జాతి", "కల్తీలేని వంశం" అనే మాటలతోనే. ఆ మాటలు మనం ఎక్కడ విన్నాం? పెళ్లి ప్రకటనల్లో విన్నాం. పరువు పేరుతో పిల్లల్ని చంపిన ఇళ్లలో విన్నాం.

1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇరవై ఐదేళ్ల అంబేద్కర్ కులం మీద ఒక వ్యాసం చదివాడు. కులం పునాది ఎక్కడుందంటే, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుని తలుపు మూసుకోవడంలో ఉందన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత 'కుల నిర్మూలన'లో, రక్తశుద్ధి కోసమే కులం అనే వాదనను ముక్కలు చేశాడు. పంజాబు బ్రాహ్మడూ పంజాబు చమారూ ఒకే మూలానికి చెందినవాళ్లని, కులం జాతి విభజన కాదని చూపించాడు.

టమోటా పువ్వు కూడా తలుపు మూసుకునే పువ్వే. దాని కీలాగ్రం కేసరాల గొట్టం లోపల దాగి ఉంటుంది, ఎక్కువగా తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. అందుకే రకం మారదు. కానీ దానికో ఖరీదు ఉంది. సాగు టమోటా తరతరాలుగా ఇరుకైపోయి రోగాలకు తట్టుకోలేని స్థితికి వచ్చింది. నులిపురుగును, వడలు తెగుళ్లను తట్టుకునే గుణం కావాల్సి వచ్చినప్పుడు శాస్త్రవేత్తలు ఎక్కడికి పోయారు? దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల పక్క పెరిగే అడవి టమోటాల దగ్గరికి. తినడానికి పనికిరాదని పక్కన పెట్టిన బంధువులే చివరికి ప్రాణం పోశాయి.

ఈ పోలికను ఇంతకంటే లాగను. మనిషి మొక్క కాదు. మనుషుల మీద విత్తనశాస్త్రం ప్రయోగించినవాళ్లు చరిత్రలో ఏం చేశారో మనకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: శుద్ధి అనేది మొక్క అడగలేదు. దాన్ని మొక్కకు అంటగట్టింది మనుషులు.

మరి వారసత్వం అంటే ఏమిటి? జహీరాబాద్ పక్క పస్తాపూర్ వెళ్లండి. అక్కడి సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. జొన్నలు, కొర్రలు, సామలు, పప్పుల విత్తనాలను బూడిద, వేపాకు వేసి బుట్టల్లో దాచుకుని, ఒకరికి ఒకరు ఇచ్చుకుంటూ కాపాడారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ ఆ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు వచ్చింది. అక్కడ విత్తనం పెద్దింటి గాదెలో లేదు, మన ఆడవాళ్ల బుట్టల్లో ఉంది.

ఇంకో మనిషి గుర్తొస్తాడు, జార్జ్ వాషింగ్టన్ కార్వర్. బానిసగా పుట్టిన నల్లజాతి శాస్త్రవేత్త. టస్కెగీలో పాఠాలు చెబుతూ, పత్తి చేలల్లో కౌలుకు చాకిరీ చేసే నల్ల కుటుంబాల కోసం చిన్న చిన్న పుస్తకాలు రాశాడు. 1918లో టమోటా మీద ఒకటి రాశాడు. ఎలా పెంచాలో చెప్పి, దాన్ని వండుకునే 115 పద్ధతులు ఇచ్చాడు. ఎందుకన్ని? భూమి చేతిలో లేని మనిషికి ఇంటి పక్కన దొరికిన పది అడుగుల మట్టిలోంచి ఎంత తిండి తీయగలమో చూపించడానికి. పెరటి తోట ఆయనకు సరదా కాదు. భూస్వామి దుకాణంలో అప్పు తగ్గించుకునే దారి.

మన దగ్గర ఆ పది అడుగులు కూడా లేవు. పెరటితోట అంటారు, మా దళితవాడలో ఏ ఇంటికి పెరడుంది? గోడకు గోడ ఆనుకుని రెండు సెంట్ల కాలనీ ఇళ్లు. కాబట్టి తమ్ముడూ, ఇళ్ల స్థలాల ధర్నాకు పోయినప్పుడు గది కొలతలు ఒక్కటే అడగొద్దు. నాలుగు మొక్కలు పెట్టుకునే జాగా కూడా అడుగు.

ఇక చివరి సంగతి. దీనికోసమే ఇదంతా రాశాను.

అమ్మ ఊరికి పోయేరోజు చూస్తే, వంటింటి కిటికీలో ఒక పాత ప్లేటు. దానిలో బూడిదలో పొర్లించి ఆరబెట్టిన టమోటా గింజలు. బాగా మెత్తబడ్డ రెండు పండ్లు పిండి, గుజ్జు కడిగి, నాకు చెప్పకుండా చేసింది. పుస్తకాల్లో గింజల్ని గుజ్జుతోపాటు రెండు మూడు రోజులు పులియబెట్టి కడగమని ఉంటుంది, గింజ చుట్టూ ఉండే జిగురు పోవడానికి. అమ్మ ఆ పని బూడిదతో చేసింది. పాత చీర ముక్కలో మూటకట్టి నడుముకు దోపుకుంది.

ఊళ్లో ఇంటి ముందు రెండు పెయింట్ డబ్బాల్లో నాటింది. కాసింది. చారల టమోటా చూడటానికి వాడలో పిల్లలంతా వచ్చారు. పచ్చిదా పండిందా అని ఒత్తి చూసి పందెం కాసుకుంటున్నారంట. ఆ కబురు ఊళ్లోకి పోయింది.

పోయిన నెల ఆసామి కోడలు వాడలోకి వచ్చింది. ఆ ఇంటి మనిషి మా గడప దగ్గరికి రావడం అమ్మ చూడటం అదే మొదటిసారి. విత్తనం కావాలంది. ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చుకుంది. నోరు తెరిచి పట్టుకుంది, అమ్మ పైనుంచి దాంట్లో వేస్తుందని.

అమ్మ మూట విప్పి అందంట: "చెయ్యి చాపు తల్లీ. సన్నటి ఇత్తనం, కవర్లో పడితే కనపడదు."

ఆమె ఒక్క నిమిషం ఆగి, చెయ్యి చాపింది. అమ్మ ఆమె అరచేతిలో పన్నెండు గింజలు ఒక్కొక్కటే లెక్కపెట్టి పెట్టింది.

కులం పోయిందని నేను చెప్పడం లేదు. ఆమె మా ఇంట్లో నీళ్లు అడగలేదు, అమ్మ ఇస్తాననీ అనలేదు. ఆ ఇంట్లో అమ్మకు గ్లాసు వచ్చిందో లేదో రేపు తెలుస్తుంది. కూలీ ఎంతో, భూమి ఎవరి పేరు మీదో ఇంకా అలాగే ఉంది.

ఫోన్లో ఇదంతా చెప్పి అమ్మ అడిగింది: "ఆ పెద్దాయన, నీకు ఇత్తనం ఇచ్చినాయన, మళ్లా కనిపిస్తాడా?"

"కనిపిస్తాడేమో. ఈ ఏడు కూడా మేళా ఉంది. ఎందుకమ్మా?"

"ఈసారి పోతే వట్టి చేతులతో పోవద్దు. నేను పంపిస్తాను. మా అమ్మ ఇత్తనం అని చెప్పు."

ఆదివారం మేళాకు పోతున్నాను. పొట్లాలు కట్టాను, ఒక్కోదానిలో పన్నెండు గింజలు. పొట్లం మీద హెయిర్‌లూమ్ అని రాయలేదు. అమ్మ పేరు రాశాను.

మిగతా వచ్చే వారం. జై భీమ్.